చిన్నీ, నువ్వడిగిన పుస్తకాల సంగతి

ఒంగోలు

చిన్నీ,

అమ్మ దీవెనలు. ఏం చదువుతున్నావమ్మా అని పోయిన ఆదివారం ఫోన్‌లో అడిగావు. దానికి ముందు ఇంకో మాట అన్నావు. నాన్న పోయిన దగ్గర్నుంచి ప్రార్థన చేద్దామని కూర్చుంటే అవతల ఎవరూ లేనట్టుంటోందని. అనేసి, గబుక్కున పుస్తకాల మీదికి వెళ్లిపోయావు. నేనూ ఆపలేదు. నువ్వు డ్యూటీకి బయల్దేరుతూ, వెనక నీ రూమ్మేట్ కుక్కర్ కూతలు వేస్తుంటే మాట్లాడుకునే విషయం కాదది. రెండిటికీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు శుభ్రంగా కనపడుతున్నాయి కాబట్టి ఉత్తరం పొడుగవుతుంది, విసుక్కోకు.

ముందు, చదవడం మానేసిన పుస్తకం గురించి చెప్తాను. స్త్రీల సమాజంలో ఒకావిడ ప్రేమగా ఇచ్చింది. ఇలా ఇలా చేస్తే దీవెన వస్తుందని వరసగా చెప్పే రకం. ప్రతి అధ్యాయంలోనూ ఒకరికి జబ్బు, ఒక ఉపవాస ప్రార్థన, తెల్లారేసరికి స్వస్థత. మీ నాన్న కోసం మనమూ ఉపవాసం ఉన్నాం, సంఘమంతా ఉంది. ఆ పుస్తకం లెక్కన మన విశ్వాసం చాల్లేదన్నమాట! సగంలో మూసి తిరిగి ఇచ్చేశాను. ఎలా ఉందండీ అని అడిగితే అట్ట బాగుందన్నాను.

ఆ తర్వాత సి.ఎస్. లూయిస్ పట్టుకున్నాను. చిన్నప్పుడు నీతో చదివించిన నార్నియా కథల ఆయనే. 1940లో ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’ అని ఒక పుస్తకం రాశాడు. దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత బాధ ఎందుకుందో తర్కంతో వివరిస్తాడు. తప్పు పట్టలేం, ఎక్కడా లాజిక్ జారదు. తర్వాత, అరవైకి దగ్గరపడుతుండగా జాయ్ డేవిడ్‌మన్‌ని చేసుకున్నాడు. ఆమెకి కేన్సర్ అని తేలాక 1957లో ఆస్పత్రి మంచం దగ్గరే పాదిరి గారు వచ్చి పెళ్లి జరిపించాడు. కొన్నాళ్లు బాగా కోలుకుంది కూడా. 1960 జులైలో పోయింది. అప్పుడు ఇంట్లో దొరికిన ఖాళీ నోటుపుస్తకాల్లో మనసులో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటూ పోయాడు. నాలుగోది నిండాక ఆపేశాడు, ఇందుకోసం కొత్తవి కొననని ముందే అనుకున్నాడట. అదే 1961లో వచ్చిన ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్’. సొంత పేరు పెట్టలేదు, ఎన్.డబ్ల్యు. క్లర్క్ అని ఎవరిదో పేరున్నట్టు వేయించాడు. ఆయన దుఃఖంలో ఉన్నాడు పాపం, ఇది ఓదార్పుగా ఉంటుందని స్నేహితులు కొందరు ఆ పుస్తకాన్నే కొని ఆయనకిచ్చారట. ఇరవై ఏళ్ల కింద బాధ గురించి అంత చక్కగా పాఠం చెప్పిన మనిషి ఆ నోటుపుస్తకాల్లో కనపడడు.

నువ్వు ఫోన్‌లో అన్న మాట ఆ పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది. అంతా బాగున్నప్పుడు దేవుడి దగ్గరికి వెళ్తే రమ్మని పిలిచినట్టుంటుంది, దిక్కులేక వెళ్తే మొహం మీద తలుపేసి లోపల గడియ మీద గడియ వేస్తున్న చప్పుడు వినపడుతుందని రాశాడు. ఇంకొంచెం ముందుకెళ్లి ఇంకో మాటంటాడు. దేవుడు లేడేమోనని కాదట ఆయన భయం, ఉన్న దేవుడు ఇలాంటివాడేమోనని. అది చదివి పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మన సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ మాట అంటే మైకు లాక్కుంటారు. పోయిన మనిషి పేరెత్తాలా వద్దా అని జనం ఇబ్బందిగా చూసే చూపులు కూడా రాశాడు. నన్ను మార్కెట్లో దూరాన్నుంచి చూసి పక్క సందులోకి తిరిగిపోయే మన వీధివాళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆ తలుపు గడియ పెట్టినట్టు అనిపించడం మానేసిందంటాడు. నీటిలో కొట్టుకుపోయేవాడు కంగారులో చేయందించేవాణ్ణే పట్టనివ్వనట్టు, తన గోలే తనకి ఏదీ వినపడనివ్వలేదేమో అంటాడు. జవాబు వచ్చిందని మాత్రం ఎక్కడా అనడు. అందుకే ఈ పుస్తకాన్ని నమ్ముతాను.

దాని తర్వాతది జపాన్ నవల, పోయిన నెలలో అయిపోయింది. షుసాకు ఎండో రాసిన ‘సైలెన్స్’, 1966లో వచ్చింది. పదిహేడో శతాబ్దంలో జపాన్‌లో క్రైస్తవం నిషేధం. ఫెరీరా అనే పెద్ద మిషనరీ హింస తట్టుకోలేక విశ్వాసం వదిలేశాడని వార్త వస్తుంది. ఇది చరిత్రలో జరిగిందే, 1633లో. ఆయన శిష్యుడు రోడ్రిగ్స్ అనే కుర్ర పాదిరి, గురువు అలా చేశాడంటే నమ్మలేక, పోర్చుగల్ నుంచి దొంగచాటుగా జపాన్ చేరతాడు. ఊళ్లో రైతులు ఆయన్ని కొండమీద బొగ్గులవాళ్ల గుడిసెలో దాస్తారు. ఆ రైతుల్లో ఇద్దరు దొరికిపోతే సముద్రంలో గుంజలు పాతి కట్టేస్తారు. పోటు వచ్చినప్పుడు నీళ్లు గడ్డం దాకా వస్తాయి, వెంటనే చావరు. మోకిచి అనే అతను అలా ఉండి కీర్తన పాడతాడు. అతను పోయాక కూడా సముద్రం ఎప్పటిలాగే ఒడ్డుకొచ్చి పోతుంటుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఆ పాదిరికి అది మింగుడుపడదు. హతసాక్షుల గురించి తను చదువుకున్న పుస్తకాల్లో ఆకాశం తెరుచుకునేది కదా!

అందులో కిచిజిరో అని ఒకడున్నాడు. తాగుబోతు, పిరికివాడు. క్రీస్తు బొమ్మ చెక్కిన పలకని కాలితో తొక్కమంటే తొక్కేస్తాడు, పాదిరిని డబ్బుకి పట్టిస్తాడు, మళ్లీ ఏడుస్తూ పాపం ఒప్పుకుంటానని ఆయన వెనకే వస్తాడు. ఈ హింసలు లేని రోజుల్లో పుట్టుంటే నేనూ మంచి క్రైస్తవుణ్ణే అయ్యేవాణ్ణి కదా అంటాడు. ఏం సమాధానం చెప్తాం? ఏ గొడవా లేని రోజుల్లో పుట్టి, ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చునే నాబోటివాళ్లు వాణ్ణి చూసి ఛీ అనడానికి లేదు. చివర్లో పాదిరిని చీకటి గదిలో పెడతారు. బయట ఎవరో కావలివాడు గుర్రుపెట్టి నిద్రపోతున్నట్టు వినపడుతుంటుంది. నేనిక్కడ ప్రాణం మీదికొచ్చి ప్రార్థన చేసుకుంటుంటే వీడికి నిద్రా అని ఆయనకి ఒళ్లు మండిపోతుంది. అది గురక కాదు. తర్వాత ఏమైందో చెప్పను, నువ్వే చదువు. చివర్లో ఆయన చేసిన పని ఒప్పా తప్పా అని పాస్టరమ్మ గారితో గంటసేపు వాదించాను. ఆవిడ తప్పంటుంది. నాకింకా తేలలేదు.

ఇప్పుడు నడుస్తున్నది అగస్టీన్ ‘కన్ఫెషన్స్’, తన బతుకంతా దేవుడికి చెప్పుకుంటూ ఆయన రాసుకున్న పుస్తకం. రాత్రిపూట కొంచెం కొంచెం. పదహారు వందల ఏళ్ల కిందటిది కదా, కాలం గురించి, జ్ఞాపకశక్తి గురించి రాసిన అధ్యాయాలు కొన్ని నాకు ఎక్కలేదు, దాటేశాను. వాళ్లమ్మ మోనికా వచ్చినప్పుడల్లా మాత్రం లేచి కూర్చుంటాను. కొడుకు దారి తప్పాడని ఆవిడ ఒకటే ఏడుపు. ఒక బిషప్ దగ్గరికెళ్లి మావాడితో మాట్లాడండి, మాట్లాడండి అని ప్రాణం తోడేస్తే, ఆయన విసిగిపోయి, ఇన్ని కన్నీళ్లు కార్చినదాని కొడుకు నశించడులే, ఇక వెళ్లమ్మా అన్నాడు. ఇప్పుడు ఆ మాటని తల్లుల కూటాల్లో ఎంత గంభీరంగా చెప్తారో! ఆయన విసుగులో అన్నాడని ఎవరూ చెప్పరు. కొడుకు రోమ్ వెళ్లిపోతుంటే ఆవిడ రేవు దాకా వచ్చి పట్టుకుంది. స్నేహితుణ్ణి సాగనంపడానికే వచ్చానని అబద్ధం చెప్పి, ఆవిడ పక్కనున్న గుళ్లో రాత్రంతా ప్రార్థన చేసుకుంటుంటే ఓడెక్కి చక్కా పోయాడు. ఆవిడ ఊరుకుందా, తర్వాత తనూ సముద్రం దాటి వెళ్లింది. భయపడకు, నాకు వీసా లేదు.

అగస్టీన్ మీద నాకో కోపం ఉంది. పెళ్లి లేకుండా ఏళ్ల తరబడి కాపురం చేసి, కొడుకుని కన్న మనిషిని, మంచి సంబంధం వచ్చిందని ఆఫ్రికా పంపించేశాడు. గుండె చీలిందని రాసుకున్నాడు, నిజమే. స్నేహితులు చాలామంది పేర్లు రాశాడు, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. చిన్నప్పుడు దొంగిలించిన పియర్ పళ్లకి ఇచ్చినన్ని పేజీలు కూడా ఆవిడకి ఇవ్వలేదు.

ఆ కోపం తొమ్మిదో భాగంలో కాస్త చల్లారింది. 387లో, అతని బాప్తిస్మం అయిన ఏడాదే, ఊరికి తిరిగెళ్లేదారిలో ఓస్టియా రేవులో మోనికా జబ్బుచేసి పోయింది. ఊళ్లో మొగుడి పక్కన సమాధికి చోటు సిద్ధం చేసుకున్న మనిషి, చివరికి ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దిగులొద్దు, బలిపీఠం దగ్గర నన్ను తలుచుకుంటే చాలంది. అగస్టీన్ ఏడవలేదు. విశ్వాసి ఏడిస్తే బాగుండదని బిగబట్టుకున్నాడు. సమాధి చేసేటప్పుడు ప్రార్థన చేశాడు, ఏడవలేదు. స్నానం చేస్తే దిగులు పోతుందని ఎవరో చెప్పగా విని స్నానానికి వెళ్లాడట. వెళ్లినట్టే తిరిగొచ్చాడు, దిగులేం పోలేదు. పడుకుని లేచాక, ఒక్కడే ఉన్నప్పుడు ఏడ్చాడు. అమ్మ కోసం గంటలో కాసేపు ఏడిస్తే పాపమనుకునేవాళ్లు అనుకోనీ అని రాశాడు. మీ నాన్నని తీసుకెళ్లిన రోజు అందరికీ టీలు అందిస్తూ, పాస్టరు గారికి కుర్చీ వేస్తూ తిరిగావు నువ్వు. మీ అత్త చూసి ఎంత ధైర్యమో పిల్లకి అంది. ఇంగ్లండ్ తిరిగెళ్లాకైనా ఏడ్చావో లేదో నాకు తెలీదు. అడగను కూడా అడగను.

పగటిపూట చదివేది మన ఊరి పుస్తకం. ఒంగోలులో మిషనరీగా ఉన్న క్లౌ దొర గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేయించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టే మన మాదిగ పెద్దలు చెప్పుకున్నవి విని రాసింది. నీ టాబ్లెట్‌లో స్కాన్ కాపీ దొరికింది, వేళ్లతో పెద్దది చేసుకుని చదువుతున్నా. దొరసాని రాసింది కదా, కొన్నిచోట్ల పైనుంచి చూసినట్టుంటుంది. కానీ ఎర్రగుంట్ల పేరయ్య గురించి చదువుతుంటే వదలబుద్ధి కాదు. క్రైస్తవుడు కాకముందే గురువుల్ని వెతుక్కుంటూ తిరిగి యోగం పట్టినవాడు. ఎవరో దొర వచ్చి దేవుణ్ణి పరిచయం చేసేదాకా ఊరికే కూర్చున్న మనిషి కాడు.

1878 జులై 3న 2,222 మందికి బాప్తిస్మం అని సండే స్కూల్లో నీకూ బట్టీ పట్టించారు. జూబిలీలప్పుడు బ్యానర్ మీద రాస్తారు. దానికి ముందు రెండేళ్లు ధాత కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, సాయం ఆగేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నారు. అదంతా మనకి తెలుసు. ఆ రోజు ఏట్లో దిగిన ప్రతివాళ్లూ ఇంట్లో ఎంతమందిని పూడ్చి వచ్చారో మాత్రం ఏ బ్యానర్ మీదా ఉండదు. వాళ్లకి ప్రార్థన ఎలా వచ్చిందా అని అడగాలనిపిస్తుంది. మా తాతమ్మ వాళ్లమ్మ ఆ రోజు అక్కడే ఉందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆవిడ ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు.

బైబిల్లో నేను ఈ మధ్య ఎక్కువగా తెరుస్తున్నది 88వ కీర్తన. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో స్తోత్రం వైపు మళ్లుతాయి. ఇది మళ్లదు. చీకటే తనకి చుట్టమైందనే మాట దగ్గర ఆగిపోతుంది. దాన్ని కూడా తీసేయకుండా ఉంచారు చూడు. నీకు ఏమీ కుదరని రోజు అదొక్కటి చదివి పడుకో, ఆమెన్ అనకపోయినా సరే. నేనూ అలాగే చేస్తున్నాను.

లూయిస్‌ది ముందు చదువు, ఒక సెలవురోజులో అయిపోతుంది. జపాన్ నవల మాత్రం నైట్ డ్యూటీల వారంలో మొదలుపెట్టకు, నిద్ర పాడవుతుంది. ఎండోదే ‘ది సమురాయ్’ అని ఇంకోటి ఉంది. డిసెంబర్లో వచ్చేటప్పుడు అక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరికితే పట్రా. పాతదైనా ఫర్వాలేదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చాక్లెట్లు వద్దు, పోయినసారివే ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి.

మీ అమ్మ