పోయిన అక్టోబర్‌లో మీ సెల్లార్ మోటారు ఎందుకు తిరగలేదంటే

సెల్లార్‌లో నీళ్లు తోడే మోటార్లు మా షాపులో తీసుకున్న వాళ్లందరికీ నమస్కారం.

పోయిన అక్టోబర్‌లో పడ్డ పెద్దవానకి, మేం బిగించిన వాటిలో నాలుగు మోటార్లు పనిచేయలేదు. బళ్లు మునిగాయి. ఆ రాత్రి ఫోన్ చేసిన అందరి దగ్గరికీ రాలేకపోయాం. ముందుగా మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను.

నాలుగింటినీ నేనే దగ్గరుండి విప్పి చూశాను. కాలిపోయింది ఒక్కటే. పెదవాల్తేరు అపార్ట్‌మెంట్‌లో మోటారు దింపిన గుంట వెడల్పు అడుగుంపావు. నీళ్లు పెరిగితే తేలి మోటారుని ఆన్ చేసే ఫ్లోట్, నీటితో పాటు పైకి తేలే జాగా లేక గోడకీ పైపుకీ మధ్య ఇరుక్కుంది. వేలితో అలా కదిపానో లేదో, మోటారు గుర్రుమని అందుకుంది. పైకి తేలితేనే కదా దానికి నీళ్లు వచ్చాయని తెలిసేది! అంత ఇరుకు గుంటకి నిలువుగా లేచే ఫ్లోట్ పెట్టాలి. కొలత చూడకుండా మామూలుది పెట్టడం మా తప్పు. బీచ్ రోడ్డు దగ్గర ప్యానెల్ బాక్స్ మూత తీస్తే, ఉప్పుగాలికి లోపలి రాగి పాయింట్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇంకోచోట మోటారు ప్లగ్ పీకేసి స్కూటర్ చార్జింగ్‌కి పెట్టుకున్నారు. కాలిపోయిన దానికీ బాధ్యత నాదే. ధర తగ్గించమంటే మంచినీళ్ల మోటారు ఇచ్చాను. సెల్లార్‌లోకి దిగేది బురద నీళ్లు, అది తట్టుకోలేదు.

సెల్లార్ నీళ్లు తోడే మోటారునీ ‘సంప్ మోటారు’ అంటారు, కానీ మన ఊళ్లో ‘సంప్’ అంటే మంచినీళ్ల తొట్టే. అందుకని చాలామంది ‘సంప్ మోటారు’ అని ఆ తొట్టి నుంచి పైట్యాంకుకి ఎక్కించేదే అడుగుతారు. ఇకనుంచి ఎందుకు కావాలో అడిగి, గుంట చూశాకే మోటారు ఇస్తాం.

సీతమ్మధారలో మా పాత కస్టమర్ గారి అబ్బాయి దుబాయ్‌లో ఉంటారు. 2024 ఏప్రిల్ 16న అక్కడ పడ్డ వానకి వాళ్ల బిల్డింగ్ కింద పార్కింగ్ నిండిపోయింది. “ఎడారిలో సెల్లార్ మునగడమేమిటండీ!” అని మా కస్టమర్ గారు ఆశ్చర్యపోయారు. ఆ వాన మామూలుది కాదు. అదే దేశంలోని అల్ ఐన్ ప్రాంతంలో ఒకచోట 24 గంటలు తిరక్కుండానే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949 నుంచి ఆ దేశంలో వాన లెక్కలు రాస్తున్నారు, అంత వాన ఎప్పుడూ లేదు. ఎండకి గట్టిపడ్డ నేల నీళ్లు తొందరగా పీల్చదు, వచ్చిందంతా పల్లానికి పరిగెడుతుంది. వాళ్ల బిల్డింగ్‌లో పంపు ఉందట. కానీ వాన లేని ఊరు కదా అని ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తిప్పలేదట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మన డిసెంబర్ నుంచి మే దాకా గుర్తొస్తోంది. ఆ ఆరు నెలలూ మన సెల్లార్ మోటారుకి ఎడారే. కదలకపోతే సీలు ఎండుతుంది, షాఫ్ట్ తుప్పుకి పట్టేస్తుంది. వెయ్యి చదరపు అడుగుల సెల్లార్‌లో అంగుళం నీళ్లంటే దాదాపు 2,360 లీటర్లు. వాచ్‌మన్ బకెట్లతో ఎంతని తోడతాడు?

అందుకని నెలకోసారి గుంటలో ఫ్లోట్ లేచేదాకా నీళ్లు పోయించండి. మోటారు దానంతటదే ఆన్ అవ్వాలి, నీళ్లు రోడ్డు మీది కాలువలో పడాలి, మళ్లీ దానంతటదే ఆగాలి. ఆగాక పైపులో నీళ్లు వెనక్కి జారి గుంటలో పడుతుంటే నాన్‌రిటర్న్ వాల్వ్ పోయినట్టే. మోటారు ఆగుతూ మొదలవుతూ చివరికి కాలిపోతుంది.

కరెంటు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు తెలుసు. ఒక హెచ్‌పీ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఫ్యాన్లకి పెట్టుకున్న ఇన్వర్టర్ మోయలేదు. మీ జనరేటర్ లైన్‌లో లిఫ్ట్ ఒక్కటే ఉందా, ఈ మోటారు కూడా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

ఆ నాలుగు అపార్ట్‌మెంట్లకీ మోటారు, ఫ్లోట్, ప్యానెల్ ఏది మార్చాల్సి వచ్చినా మా ఖర్చే. మిగతా అందరికీ మే నెలలో మా కుర్రాళ్లు వచ్చి ఉచితంగా చెక్ చేస్తారు. వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తాం. గుంట మూత మీద పెట్టిన పూలకుండీలు, పాత టైర్లు ఆ రోజుకి తీయించి ఉంచండి.