గగన్‌యాన్ సరే, నైసార్ సంగతేంటి?

సంపాదకులకు,

గగన్‌యాన్ కబుర్లు తరచూ వేస్తున్నారు, సంతోషం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మోసుకెళ్లిన నైసార్ (నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం) ఊసు మాత్రం తర్వాత పెద్దగా కనపడలేదు. మా సింగ్‌నగర్‌కి అదే దగ్గరి చుట్టం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మేడ మీద కూర్చుని, నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయో ఫోన్లలో ఒకరినొకరం అడుక్కున్నాం. మబ్బు పడితే కెమెరా ఉపగ్రహానికి కింద ఏమీ కనపడదు. నైసార్ రాడార్‌కి మబ్బూ చీకటీ అడ్డం కావు. అందులో వేర్వేరు రేడియో తరంగాల రాడార్లు రెండున్నాయి: నాసాది ఎల్-బ్యాండ్, మన ఇస్రోది ఎస్-బ్యాండ్. వాటికి 12 మీటర్ల యాంటెన్నా (పాత టెలిఫోన్ లైన్‌మన్‌ని, యాంటెన్నా మాట వస్తే ఆగలేను!). ప్రతి 12 రోజుల్లో రెండుసార్లు అదే నేలను చూస్తుంది. వరద అన్ని రోజులు ఆగుతుందా? అందుకే ఇలాంటివి ఇంకా కావాలి. 2025 మేలో పీఎస్ఎల్‌వీ-సీ61 రాకెట్ మూడో దశలో విఫలమై పోగొట్టుకున్న ఈఓఎస్-09 కూడా రాడార్ ఉపగ్రహమే.

నైసార్ డేటా అందరికీ ఉచితమన్నారు. ఇంజినీర్లకు బానే ఉంటుంది, మాలాంటి వాళ్లకు అర్థం కాదు. అందుకే ఆ డేటాతో వానలకు ముందే పల్లపు వీధుల మ్యాపులు తెలుగులో వేయించి వార్డు సచివాలయాల్లో అంటించమని అధికారులను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉద్యోగి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ