ఏ ఆపరేషనో మాకు తెలిసిన భాషలో చెప్పించండి: ఒడిశా ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బరంపురంలో మెడికల్ షాపు నడుపుతాను. ఈ లేఖ ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. తెలుగులో కూడా అందరికీ కనిపించేలా పెడుతున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మా తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు బరువు తగ్గించే ఆపరేషన్ల మీద చాలా చర్చ నడుస్తోంది. వాళ్లూ చదవాలని నా కోరిక.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకునే ప్రతి మనిషికీ, తనకు ఏ రకం చేస్తున్నారో, అదే ఎందుకో, మిగతావి ఎందుకు వద్దంటున్నారో తనకు వచ్చిన భాషలో వివరించాలి. ఇంటికి వెళ్లి ఆలోచించుకునే గడువు ఇవ్వాలి. ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఇది మీ శాఖ ఉత్తర్వుగా రావాలి. ఆపరేషన్ అయ్యాక ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు మా ఎంకేసీజీ మెడికల్ కాలేజీలోనూ, కోరాపుట్ మెడికల్ కాలేజీలోనూ, జిల్లా ఆస్పత్రుల్లోనూ ఉండాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో 24 శాతం, మగవాళ్లలో దాదాపు 23 శాతం ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. ఈ ఆపరేషన్లు సినిమావాళ్లకీ బాగా డబ్బున్నవాళ్లకీ అనుకునే రోజులు పోయాయి. పట్టుచీరల కొట్టువాళ్లు, టీచర్లు, రైల్వే ఉద్యోగులు నా కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతున్నారు. ఇక్కడి నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, విశాఖ 270 పైమాటే. రాయగడ వాళ్లు విజయనగరం మీదుగా విశాఖ రైలెక్కేస్తారు. కొందరు హైదరాబాద్ దాకా పోతారు. పోయేముందు వాళ్ల చేతిలో ఉండేది ఫోన్‌లో చూసిన ఒక ప్రకటన, ఒక ప్యాకేజీ రేటు. అంతే.

మా చెల్లెలి విషయం చెబుతాను. ఆమెకు చాలా ఏళ్లుగా పుల్లతేన్పులు, గుండెమంట. పాంటాప్రజోల్ బిళ్లలు నా షాపులోంచే తీసుకెళ్లేది. బరువు బాగా పెరిగింది, షుగర్ వచ్చింది, మెట్లెక్కలేని పరిస్థితి. ఒక పెద్ద ఊళ్లో, ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్తే అక్కడి కౌన్సెలర్ ఒక కాగితం ముందు పెట్టారు. స్లీవ్, మినీ బైపాస్, బైపాస్ అని మూడు పేర్లు, పక్కన మూడు రేట్లు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది: "అప్పా, తక్కువలో అయిపోయేది స్లీవేనంట. తొందరగా అయిపోద్దంట. అదే చేయించేసుకోనా?" గొట్టం వేసి చూశారా, ఎండోస్కోపీ చేశారా అని అడిగాను. లేదంది. అడగమన్నాను. అడిగితే, మా దగ్గర అందరికీ ఇదే చేస్తాం, ఏమీ కాదు అన్నారట. సంతకం పెట్టిన కాగితం పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంది.

ఆపరేషన్ అయింది. బరువు తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది, మోకాళ్లు తేలికపడ్డాయి. ఆ మేలు నేను కాదనను. కానీ గుండెమంట రెట్టింపైంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే నోట్లోకి పులుపు ఎగదన్నుకొస్తుంది, దగ్గుతూ లేచి కూర్చుంటుంది. ఇప్పుడు మళ్లీ ఆపరేషన్ చేసి బైపాస్‌గా మార్చాలంటున్నారు. మళ్లీ మత్తు, మళ్లీ కోతలు, మళ్లీ అప్పు.

మంత్రి గారూ, స్లీవ్ చెడ్డది అనడానికి ఇదంతా రాయడం లేదు. చాలామందికి అది సరిగ్గా సరిపోతుంది. అందులో పొట్టలో దాదాపు 80 శాతం కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా అందులోనే పోతుంది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. పేగుల జోలికి వెళ్లరు. ఆపరేషన్ త్వరగా అవుతుంది, విటమిన్ల లోపం కొంత తక్కువ. అయితే కోసి తీసేసిన పొట్ట మళ్లీ రాదు. సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తన్నే అవకాశం ఉంటుంది. ముందునుంచే గట్టిగా గుండెమంట ఉన్న మనిషికి, అన్నవాహిక లోపల ఇప్పటికే దెబ్బతిన్న మనిషికి స్లీవ్ చేసేముందు ఎండోస్కోపీ చూసి, ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

బైపాస్ అంటే పొట్ట పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, అన్నం మాత్రం అందులోకి పోదు. గుండెమంట ఉన్నవాళ్లకు ఇదే మేలు. షుగర్ మీదా ఎక్కువ కాలం పనిచేసే అవకాశం ఉంది. ప్రతిఫలంగా జీవితాంతం బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ వేసుకోవాలి. తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ, నీరసం, విరేచనాలు. మందు తాగితే తొందరగా తలకెక్కుతుంది. పొగ తాగేవాళ్లకు అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ. మా జిల్లాల్లో చుట్ట ఒక్కటే కాదు, ఆడవాళ్లు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, గుడాఖు కూడా ఉంది. పెద్ద ఊళ్ల డాక్టర్లు సిగరెట్ తాగుతారా అని అడిగి వదిలేస్తారు. గుడాఖు సంగతి ఎవరూ అడగరు, వీళ్లూ చెప్పరు.

మినీ బైపాస్‌లో అతుకు ఒకటే, పని కాస్త సులువు, బరువు బాగానే తగ్గుతుంది. కానీ పైత్యరసం పొట్టలోకి ఎగదన్నొచ్చు. ఎక్కువ పేగును దాటవేస్తే పోషకాల లోపం, విరేచనాలు పెరుగుతాయి. పొట్టకు పట్టీ వేసే పద్ధతి దాదాపు వదిలేశారు. పొట్టలో బెలూన్ పెట్టడం అసలు ఆపరేషన్ కిందికే రాదు, సాధారణంగా 6 నెలలకు తీసేస్తారు, తీసేశాక బరువు తిరిగొచ్చే భయం ఉంటుంది.

ఇవి నేను ఊహించి రాస్తున్నవి కావు. ఫిన్లాండ్‌లో 240 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు స్లీవ్, ఒక జట్టుకు బైపాస్ చేసి ఏళ్ల తరబడి చూశారు. 5 ఏళ్లకు అదనపు బరువులో స్లీవ్ వాళ్లు సగటున 49 శాతం, బైపాస్ వాళ్లు 57 శాతం తగ్గి ఉన్నారు. అంటే రెండూ పనిచేశాయి. 10 ఏళ్లకు గొట్టం వేసి చూస్తే స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక ఒరిసిపోయి ఉంది, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి. ఈ రెండో లెక్క మా చెల్లెలికి ఎవరైనా ముందే తెలుగులో చెప్పి ఉంటే ఆమె ఏమనేదో నాకు తెలుసు.

ఇక ఆపరేషన్ అయ్యాక జరిగేది నా కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. గుణుపూర్ నుంచి ఒకాయన మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ అడిగాడు. మాటల్లో పొట్టకు ఆపరేషన్ అయిందన్నాడు. ఫైలు చూపించమంటే తీశాడు. డిశ్చార్జి కాగితం మీద ఓఏజీబీ అని నాలుగు అక్షరాలున్నాయి. అది మినీ బైపాస్ అని ఆయనకూ తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. బైపాస్ అయినవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వాడితే అతుకు దగ్గర పుండు పడి రక్తం పోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ బిళ్ల ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపాను. పక్క షాపులో కొనుక్కున్నాడేమో తెలియదు.

ఇంకొందరు పాత చీటీ మీదే షుగర్ బిళ్ల గ్లిమెపిరైడ్ కొంటూ ఉంటారు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగర్ పడిపోతుంది, మందు తగ్గించాలి, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. విటమిన్లయితే మొదటి రెండు మూడు నెలలు శ్రద్ధగా కొంటారు. బరువు తగ్గడం కళ్లకు కనబడగానే ఇక ఎందుకులే అని మానేస్తారు. ఖర్చూ ఒక కారణమే. నెలనెలా ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనలేరు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలంటే అది గుడ్లలో, చేపల్లో, పప్పులో, పెరుగులో, ఉలవల్లో ఎలా వస్తుందో చెప్పే మనిషి కావాలి. పొద్దున్నే పఖాళ, అంటే చద్దన్నం తినే ఇంటికి ఓట్స్, బ్రకోలీ రాసిన కాగితం ఇచ్చి పంపితే ఏం లాభం?

ఆడపిల్లల సంగతి రాయకుండా ఉండలేను. పెళ్లి సంబంధాలు రావడం లేదని తల్లిదండ్రులు ఆపరేషన్‌కు తీసుకెళ్తున్న పిల్లలున్నారు. జబ్బుకు చేసే వైద్యాన్ని పెళ్లిచూపుల కోసం చేయించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ పిల్ల అభిప్రాయం ఎవరూ అడగరు. పైగా అత్తవారికి తెలియకూడదని దాచేస్తారు. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ సమయంలో ఒంట్లో పోషకాలు నిలకడగా ఉండవు, కడుపులో బిడ్డకు ప్రమాదం. మనదగ్గర పెళ్లైన మూడో నెలకే విశేషం ఏమైనా ఉందా అని అడుగుతారు. బైపాస్ తర్వాత నోటితో వేసుకునే గర్భనిరోధక బిళ్లల మీద పూర్తిగా ఆధారపడకూడదు. ఈ మాటలు ఆ పిల్లతో, తల్లిదండ్రులు లేనప్పుడు, విడిగా కూర్చోబెట్టి ఒక నర్సమ్మ చెప్పాలి. ఆమెకు తెలుగు వస్తే తెలుగులో, సవర వస్తే సవరలో, కుయి వస్తే కుయిలో.

బీమా సంగతి మీ చేతిలో లేదని తెలుసు. ఆరోగ్య బీమా నియమంలో బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 40 ఉండాలి, లేదా 35తో పాటు గుండెజబ్బో, అదుపులేని షుగరో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బో ఉండాలి. ఐదడుగుల మూడంగుళాల మనిషికి 40 అంటే 102 కిలోలు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియా వాళ్లకు 27.5 నుంచే, అంటే అదే మనిషికి 70 కిలోల దగ్గరే ఆపరేషన్ మాట ఎత్తవచ్చంటున్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లే సొంత డబ్బు పెట్టుకుని, రేటు చూసి ఎంచుకునేవాళ్లు. కాబట్టి ప్రభుత్వ కార్డుల కింద ఏ ఆపరేషన్ ఎవరికి వర్తిస్తుందో, ఎక్కడ చేస్తారో ప్రతి జిల్లా ఆస్పత్రి గోడ మీద రాయించండి. ఈ ఒక్క పనితో బ్రోకర్ల బెడద చాలా తగ్గుతుంది.

మిగతావి కూడా పెద్ద ఖర్చు పనులు కావు. రాష్ట్రంలో ఈ ఆపరేషన్లు చేసే ప్రతి ఆస్పత్రి ముందు ఎండోస్కోపీ చేసి, ఆ ఫలితం రోగికి చెప్పినట్టు రాతపూర్వకంగా చూపాలని ఆదేశించండి. ఎంకేసీజీలో నెలకు కనీసం రెండు రోజులు ఆపరేషన్ అయినవాళ్ల కోసం ఓపీ పెట్టించండి, ఎక్కడ చేయించుకున్నా సరే చూడాలి. అందులో సర్జన్‌తో పాటు మన వంట తెలిసిన డైటీషియన్ కూర్చోవాలి. బీ12, ఐరన్, డీ విటమిన్, కాల్షియం బిళ్లలు ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్లలో వీళ్లకు ఇప్పించండి. బైపాస్ వాళ్లకు కాల్షియం సిట్రేట్ రకం కావాలి. యాసిడ్ తగ్గిన పొట్టలో మామూలు కార్బొనేట్ బిళ్ల సరిగా ఒంటపట్టదు.

అన్నిటికన్నా ముందు ఒక కార్డు కావాలి. జేబులో పట్టేంత కార్డు. ఒకవైపు పొట్ట బొమ్మ, ఏం కోశారో, ఎక్కడ కలిపారో. రెండోవైపు తెలుగు, ఒడియా, ఇంగ్లిష్‌లలో నాలుగు మాటలు: ఈ మనిషికి ఈ ఆపరేషన్ అయింది, ఈ నొప్పి బిళ్లలు ఇవ్వొద్దు, ఎడతెగని వాంతులతో వస్తే థయమిన్ (బీ1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కించొద్దు, మెదడు దెబ్బతింటుంది, బైపాస్ అయినవాళ్లకు ఆపరేషన్ జరిగిన ఎన్నేళ్లకైనా తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకోవద్దు, పేగు మెలిపడి ఉండొచ్చు, వెంటనే సర్జన్ దగ్గరికి పంపండి. అర్ధరాత్రి ఏ పీహెచ్‌సీలో ఉన్న కొత్త డాక్టరుకైనా ఆ కార్డు చూస్తే దారి తెలుస్తుంది.

కార్డు మీద తెలుగు రాయడానికి మనుషులు దొరకరన్న ఇబ్బంది లేదు. బరంపురంలో తెలుగు తెలిసిన నర్సులు, ఫార్మసిస్టులు, డాక్టర్లు ఉన్నారు. మీ శాఖ నుంచి ముసాయిదా పంపితే మేమే కూర్చుని రాసి, ఒడియా ప్రతితో సరిచూసి ఇస్తాం. ఎవరికి పంపాలో, ఎప్పటిలోగా పంపాలో చెప్పించండి.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక మెడికల్ షాపు యజమానురాలు