ఊడ్చకుండా వదిలేసిన కంకర గురించి రోడ్లు, రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

రోడ్డు వేయలేదని మీకు రోజూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నా ఇబ్బంది మాత్రం రోడ్డు వేశాక మొదలైంది. నేను రోజూ వెళ్లే దారిలో గుంతలు పూడ్చి, తారు పోసి, పైన సన్నకంకర పరిచి, రోలర్ తిప్పి వెళ్లారు. సంతోషించాను. మర్నాడు అదే దారిలో కారు కాస్త వేగం అందుకోగానే, రేకుల కప్పు మీద వడగళ్లు పడినట్టు కింద నుంచి ఒకటే చప్పుడు. ఇంటికొచ్చి, చక్రం పక్కన కూర్చుని టార్చి వేసి చూశాను. వెనక వీల్ ఆర్చ్, అంటే చక్రం మీద గొడుగులా వంగి ఉండే భాగం, దాని లోపలి రేకు మీద పెయింట్ చుక్కలు చుక్కలుగా లేచిపోయింది. తలుపుల కింది అంచు మీదా అంతే.

తప్పు కారుదా, రోడ్డుదా, నాదా అని కొన్నాళ్లు ఆలోచించాను. తలా కొంచెం ఉంది. నా వంతుగా, పెయింట్ లేచిన చోట పూసుకునే టచప్ సీసా ఒకటి కొనుక్కున్నాను. మీ చేతిలో ఉన్నదాని కోసం ఈ లేఖ రాస్తున్నాను.

టైరు గాడుల్లో ఇరుక్కున్న రాయి చక్రంతో పాటే తిరుగుతుంది. పట్టు వదిలినప్పుడు, కారు ఎంత వేగంతో పోతోందో దాదాపు అంతే వేగంతో వెళ్లి వీల్ ఆర్చ్‌కు తగులుతుంది. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు. అందుకే 40 కిలోమీటర్ల వేగంలో టక్కుమని ఊరుకునే రాయి, 80లో పెయింట్‌ను పెచ్చుగా లేపేయగలదు. ఆ పెయింట్ మందమేమో అడుగు పొర నుంచి పైనున్న రంగులేని మెరుపు పూత (క్లియర్ కోట్) దాకా అంతా కలిపి సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఇంకాస్త. అది పోతే రేకు బయటపడుతుంది. వీల్ ఆర్చ్ అంచు లోపలికి మడిచి ఉంటుంది కదా, ఆ మడతలో తడి మట్టి చేరిందంటే ఓ పట్టాన ఆరదు. తుప్పుకు అంతకంటే ఏం కావాలి? గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

తారు చల్లి కంకర పరిచే పనిలో రాళ్లన్నీ తారుకు అంటుకోవు. కొన్ని విడిగా మిగలడం ఆ పని స్వభావం, దానికి నేనెవరినీ తప్పుపట్టను. కానీ మిగిలినదాన్ని ఊడ్చి ఎత్తడం కూడా ఆ పనిలో భాగమే. బండ్లు తిరిగే కొద్దీ మరికొన్ని లేస్తాయి కాబట్టి మొదటి కొద్ది రోజులు మళ్లీ మళ్లీ ఊడ్చాలి. మా దారిని ఊడ్చింది మా టైర్లే. టెండరులో ఊడ్చే పనిని విడి పద్దుగా రాయించండి. అది పూర్తయ్యాకే బిల్లు పాసవ్వాలి. అప్పటిదాకా వేగం తగ్గించమని రెండు వైపులా బోర్డులు పెట్టించండి. నెమ్మదిగా వెళ్లే బండ్లు కంకరను తారులోకి అదుముతాయి, వేగంగా పోయేవి పీకేస్తాయి. ఆ బోర్డు వల్ల నా కారుకంటే మీ రోడ్డుకే ఎక్కువ లాభం.

లారీల సంగతి మీకు తెలియనిది కాదు. లోడు మీద పట్టా ఉండదు, వెనక చక్రాల దగ్గర బురద, రాళ్లు ఎగరకుండా కట్టే రబ్బరు ముక్క, అదే మడ్ ఫ్లాప్, సగం చిరిగి వేలాడుతుంటుంది. ఫిట్‌నెస్ పరీక్షలో మడ్ ఫ్లాప్ వంక కూడా ఒకసారి చూడమనండి, చాలు.

ఐరోపాలో 1978లోనే కార్ల వీల్ గార్డుల మీద ఒక నిబంధన తెచ్చారు. చక్రం మధ్య నుంచి ముందుకు 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరు వెడల్పంతా కప్పి ఉండాలన్నారు. ఎందుకో కూడా రాశారు: రాళ్లు, బురద, మంచు, నీళ్లు దారిలో పోయే మిగతావాళ్ల మీద పడకూడదని. ఆ ఆలోచన నాకు నచ్చింది. నా పెయింట్ గురించి ఏడవడానికి నేనున్నాను, వెనకొచ్చేవాడి అద్దం సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా.

ఇక వీల్ ఆర్చ్ లోపలి రేకును కాపాడేది లైనర్, అంటే ఆ రేకుకూ చక్రానికీ మధ్య బిగించే తొడుగు. ప్లాస్టిక్‌దైనా సరే, దళసరి గుడ్డలా ఉండి చప్పుడు కూడా తగ్గించే రకమైనా సరే. నా కారులో ముందు చక్రాలకు ఉంది, వెనక వాటికి లేదు. కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ వంగి చూడలేదు. నాలుగు చక్రాలకూ లైనర్ తప్పనిసరి చేస్తే మంచిది. అది కుదరకపోతే, స్క్రీన్ ఎన్ని అంగుళాలో గొప్పగా చెప్పే బ్రోచర్‌లో లైనర్ ఉందో లేదో కూడా ఒక లైను రాయించండి.

ఒక మాట పక్క శాఖవారికీ చెప్పాలేమో. ఈ దెబ్బలకు మందు అంటూ అమ్మే కోటింగ్‌ల గురించి. నాకు మొదట అంటగట్టబోయింది సిరామిక్ కోటింగ్. నీళ్లు జారిపోవడానికి, మెరుపుకు బాగానే ఉంటుంది. కానీ కొద్ది మైక్రాన్ల పొర రాయిని ఏం ఆపుతుంది? పెయింట్ మీద అంటించే పాలీయురెథేన్ ఫిల్మ్, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, నయం. సుమారు 200 మైక్రాన్ల మందంతో దెబ్బను కొంత మింగుతుంది. అయితే అది బయటి పెయింట్‌కే, బురద పట్టే వీల్ ఆర్చ్ లోపలికి కాదు. అక్కడికి రబ్బరులాంటి అండర్‌బాడీ కోటింగే సరి. దాన్ని కూడా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకి, ప్రైమర్ వేశాకే కొట్టాలి. నాకు దొరికిన పనివాడు తుప్పు మీదే కొట్టేశాడు. పైన పటారం, లోన లొటారం. తడి లోపలే ఉండిపోయి, ఏడాది తిరిగేసరికి కోటింగ్ పొరలా ఊడింది, దాంతో పాటు రేకూ రాలింది. నీళ్లు పోయే రంధ్రాలు కూడా మూసేశాడు మహానుభావుడు.

పెయింట్ పొరలు రాళ్ల దెబ్బకు ఎంత ఆగుతాయో చూడటానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 20567-1 అనే పరీక్ష ఉంది. రాళ్ల నుంచి రక్షణ అని డబ్బా మీద రాసుకునేవాళ్లు అలాంటి పరీక్షలో ఎంత వచ్చిందో కూడా పక్కనే రాయాలి. అది రాయలేనివాళ్లు మెరుపు కోసమనే అమ్ముకోవచ్చు.

వచ్చే నెల మా దారిలో మిగిలిన సగానికి తారు వేస్తారట. ఈసారి రోలర్ వెనకే ఊడ్చే బండిని కూడా పంపించండి. నా టచప్ సీసా అడుగంటింది.

ఇట్లు,
ఆ దారిన రోజూ వెళ్లే ఒక కారు యజమాని