2024–25 వార్షిక నివేదిక: సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) హెచ్‌ఐవీ మీద మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక పెట్టాలని బైలాలో ఉంది. ఆ రోజు మొత్తం చదివే టైమ్ దొరకదని తెలుసు, పోయినసారి రెండో పేజీకే భోజనాలకి లేచారు, అందుకే ముందుగా పంపిస్తున్నాను. కాస్త చదువుకుని రండి.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు చెప్పక్కర్లేదు. ఈ ఏడాది పని మాత్రం కోనసీమలో మనం తిరిగే మూడు సీహెచ్‌సీల చుట్టూనే నడిచింది. నెలనెలా మందుల కోసం పెద్దాసుపత్రిలోని ఏఆర్టీ సెంటర్‌కి, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోటికి, వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, పైగా ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం. దగ్గర్లోని లింక్ ఏఆర్టీలోనే (ఆ సెంటర్‌కి అనుబంధంగా మందులిచ్చే చోట) టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్రలు ఇస్తే మనిషి మందు మానడు. రోజుకి ఒకటే మాత్ర, అది ఆగకుండా పడితే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, తగ్గుతుంది, పరీక్షలో కనబడనంతగా తగ్గి అలాగే నిలిచినవాళ్ల నుంచి శృంగారం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఇది పాత సభ్యులకి తెలుసు. కానీ ఏడాదికోసారి చేయించుకోవాల్సిన వైరల్ లోడ్ పరీక్షని "బానే ఉన్నాను కదా" అని వాయిదా వేస్తున్నవాళ్లు మనలోనే ఉన్నారు. ఎవరో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి. సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కి తెల్లబట్ట సమస్యతో వచ్చిన ఆడవాళ్లకి పరీక్ష చేసి, గర్భాశయ ముఖద్వారం దగ్గర ఇన్ఫెక్షన్ అనిపిస్తే బూడిద రంగు కిట్ ఇస్తారు, అందులో సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ మాత్రలుంటాయి. అదే కిట్ భర్త కూడా వాడాలి. ఆయన రాడు. ఆవిడకి తగ్గుతుంది, మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ క్లినిక్‌కి వస్తుంది. కౌన్సెలర్ గారు ఈ మాట మీటింగు మీటింగుకీ చెబుతూనే ఉన్నారు, మనం తలూపుతూనే ఉన్నాం. మగవాళ్లు ఎందుకు రారంటే ఓపీ పొద్దున పూట, వాళ్లు అప్పటికే రొయ్యల చెరువు మీదో ఆటోలోనో ఉంటారు, సగం మంది హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. అందరూ ఊళ్లో ఉండేది సంక్రాంతికే. అందుకని భోగికి ముందు సాయంత్రాలు మగవాళ్ల ఓపీ పెట్టించాం. బోర్డు మీద "బీపీ, షుగర్, రక్త పరీక్షలు" అని రాయించాం. హెచ్‌ఐవీ అని పెద్ద అక్షరాలతో రాస్తే ఎవడొస్తాడండీ. ఇది మోసం కదా అని ఒకరిద్దరు సభ్యులు అడిగారు. కాదు. లోపల గదిలో ఒక్కొక్కరికీ విడిగా హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షల గురించి చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే చేశారు. వద్దన్నవాళ్లు బీపీ చూపించుకుని వెళ్లారు, ఎవరూ ఏమీ అనలేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం చెప్పేదీ అదే, ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు.

పందేల బరుల దగ్గర ఉంటారనుకున్నవాళ్లు ఓపీ వరండాలో బెంచీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డారు. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన చీటీని నలిపి గుప్పిట్లో పెట్టుకుని, "నాకేం లేదు కదండీ, మరి నేనెందుకు మింగాలి?" అని అడిగారట. "మీరు మింగకపోతే ఆవిడ మింగింది దండగేనండి" అన్నారు కౌన్సెలర్ గారు. ఆయన కాసేపు ఆలోచించి నీళ్లడిగి అక్కడే వేసుకున్నారు. పేరూ ఊరూ చెప్పకుండా ఈ ముక్క మనకి చెప్పారు, నేనూ అంతవరకే రాస్తున్నాను. గల్ఫ్ వెళ్లేముందు చేసే మెడికల్ పరీక్షలో "అన్‌ఫిట్" అని ఒక్క మాట చెప్పి పంపేస్తే, ఎందుకో ఎవరూ వివరించక, ఏజెంటుకి కట్టిన డబ్బు పోయిందన్న ఏడుపులో తిరుగుతున్నవాళ్లు కూడా ఆ సాయంత్రాల్లో ధైర్యం చేసి లోపలికి వచ్చారు. హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవాళ్లని వెంటబెట్టుకుని ఏఆర్టీ సెంటర్‌కి తీసుకెళ్లాం.

గర్భిణుల విషయంలో ఆశా అక్కలు, ఏఎన్‌ఎంలు బాగా పనిచేశారు. మొదటి విజిట్‌లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండు పరీక్షలూ అవుతున్నాయి. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకి ఆరు వారాలకి పరీక్ష చేయించడంలోనే ఇంకా ఆలస్యం, కాన్పయ్యాక పుట్టింటికి వెళ్లిపోతే ఫోన్ కలవదు. పద్దెనిమిది నెలల పరీక్ష వరకూ వెంటపడాల్సిందే.

ఇక కడుపులో మాట. ఒక ఆసుపత్రిలో, పేరు రాయను, మీకు తెలుసు, నర్సమ్మకి సూది గుచ్చుకుంది. అలాంటప్పుడు హెచ్‌ఐవీ సోకకుండా వాడే పీఈపీ మందు వీలైనంత తొందరగా, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మందు ఉంది. బీరువాలో ఉంది. తాళం తీసుకుని బాధ్యుడు సెలవు మీద ఊరెళ్లారు. ఆ రాత్రి మన కోశాధికారి బండి మీద వెళ్లి తాళం తెచ్చారు. డ్యూటీ రూమ్‌లో ఒక డోసు పెట్టండి అని రాసిచ్చిన కాగితం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ల్యాబ్ టెక్నీషియన్‌ని డెప్యుటేషన్ మీద పంపేసి పరీక్షలు తగ్గాయేంటని మనల్నే అడిగిన అధికారి గారికి కూడా ఈ నివేదిక కాపీ పంపుతున్నాను. ఇరవై మంది లేదా ఆపైన పనిచేసే ఆసుపత్రుల్లో వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని ఆ 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది. ఎవరని అడిగితే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మన వాలంటీర్ల గురించి కూడా రాయాలి. డిసెంబర్ 1 ర్యాలీకి, ఫోటోకి అందరూ వచ్చారు. మర్నాటి నుంచి మందులు మానేసినవాళ్ల ఇళ్లకి వెళ్దాం రండంటే ఒకరికి పెళ్లి, ఒకరికి జ్వరం, ఒకరి ఫోన్ స్విచాఫ్. చివరికి తిరిగింది అదే నలుగురు ఆడవాళ్లు. కమిటీలో పేరుండాలనుకునేవాళ్లు ఈసారి వాళ్లతో ఒక్క రోజు తిరిగొచ్చాక నామినేషన్ వెయ్యాలని నా అభిప్రాయం, కోపం వచ్చినా సరే.

లెక్కలు ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు, పుస్తకం కోశాధికారి దగ్గరుంది, చూడాలనుకున్నవాళ్లు చూసుకోవచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం ప్రయాణాలకే పోయింది. సభ్యత్వ రుసుము బాకీలు మాత్రం చాలా ఉన్నాయి.

మూడు ఆసుపత్రుల కౌన్సెలర్లకి, స్టాఫ్ నర్సులకి, సంక్రాంతి సెలవు వదులుకుని కూర్చున్న డాక్టరమ్మ గారికి, డబ్బు తీసుకోకుండా సామాను దింపిన ఆటో తమ్ముళ్లకి, బెంచీలు అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, జెరాక్స్ అప్పు రాసుకుని ఇంకా అడగని షాపు బాబాయి గారికి, చెరువు మీద మీటింగు పెట్టుకోనిచ్చిన రైతులకి, బరిలో మైకు మన ఓపీ ప్రకటనకి ఒక్క నిమిషం ఇచ్చినవారికి, ఆ నలుగురు అక్కలకి వేల నమస్కారాలు. ఎవరి పేరైనా మర్చిపోతే సమావేశంలో గుర్తు చెయ్యండి, మినిట్స్‌లో రాయిస్తాను.

మగవాళ్ల ఓపీని పండగకే కాకుండా నెలకో సాయంత్రం నడపాలని సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. దానికి చేతులెత్తితే చాలదు, ఏ నెల ఎవరు కూర్చుంటారో పేరు రాయాలి, కాగితం నా దగ్గరే ఉంటుంది. సమావేశం పదింటికి, భోజనాలు ఒంటిగంటకి, కోరం అయ్యాకే వడ్డన.

ఇట్లు,
కార్యదర్శి