మడత విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి ఎనిమిదో నెల. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు పోతారు కాబట్టి పగలంతా పాప నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. పాపకు గోచీ గుడ్డలు కూడా పాత నేతచీరలు చింపి నేనే కుట్టాను. ఈ శ్రావణంలో ముసురు పట్టి గుడ్డలు ఆరక, పగలూ రాత్రీ డైపర్లే వేశాం. అప్పుడే పాపకు జలుబు చేసి చెవిపోటు వస్తే ఐదు రోజులు యాంటీబయాటిక్ సిరప్ పట్టించాం. మూడో రోజు నుంచి విరేచనాలు. ఆ వెనకే డైపరు కట్టినచోట చర్మం ఎర్రగా కంది ఒరుపు మొదలైంది.

ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, ఒరుపు నాకు కొత్త కాదు. వేడి చేసిందనుకుని కొబ్బరినూనె రాశాను, పౌడరు చల్లాను. తగ్గకపోగా గజ్జల్లోకి పాకింది. ఒంటేలు పోసినప్పుడల్లా పాప గుక్కపట్టి ఏడ్చేది. సెంటర్లో మందుల షాపుకు వెళ్లి చెబితే, అక్కడి అబ్బాయి ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. "ఇది రాయండి పిన్నిగారూ, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది" అన్నాడు. చీటీ అడగలేదు, పాపకు ఎన్ని నెలలో కూడా అడగలేదు. నిజంగానే రెండో రోజుకు ఎరుపు చల్లబడింది. మందు ఆపిన రెండు రోజులకే మళ్లీ వచ్చింది, ఈసారి బొడ్డు కిందిదాకా. మళ్లీ రాశాను. ఇలా రెండు వారాలు గడిచాయి. ఆ రెండు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఒకరోజు పీట మీద కూర్చుని, పాపను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ తొడ మడత విప్పి చూశాను. లోపల చర్మం పచ్చిమాంసంలా ఎర్రగా, తడిగా మెరుస్తోంది. ఆ ఎరుపు ఆగినచోట అంచు కత్తెరతో కత్తిరించినట్టుంది. అంచు దాటాక, మంచి చర్మం మీద ఆవగింజంత పొక్కులు అక్కడక్కడా చల్లినట్టున్నాయి. రోజూ గుడ్డ అంచులు చూసే కళ్లు నావి. మామూలు ఒరుపుకు ఇలా అంచు ఉండదు, చుట్టూ పలచబడుతూ చర్మంలో కలిసిపోతుంది. పైగా అది డైపరు రాసుకునేచోట, పిర్రల మీదా పొత్తికడుపు మీదా ఉంటుంది గానీ మడత లోపలి చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. ఇది మడతల్లోనే ఎక్కువగా ఉంది.

ఆ సాయంత్రమే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ డైపరు విప్పి చూసి, వెంటనే పాప నోరు తెరిపించారు. బుగ్గల లోపల తెల్లటి పొర ఉంది. నేను పాలే అనుకున్నాను. పాలైతే గుడ్డతో తుడిస్తే పోతుంది, ఇది పోలేదు. "అమ్మగారూ, నోట్లోదీ కిందదీ ఒకటే. క్యాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్" అన్నారు. అది మన పేగుల్లో మామూలుగా ఉండేదేనట. దాన్ని అదుపులో ఉంచే మంచి బాక్టీరియా యాంటీబయాటిక్‌తో చచ్చిపోతే పెరుగుతుంది, విరేచనంతో బయటకు వస్తుంది. డైపరు కింద వెచ్చగా, తడిగా ఉన్న చర్మం దొరికితే వానాకాలంలో తోలు చెప్పులకు బూజు పట్టినట్టు పట్టేస్తుంది.

తర్వాత ట్యూబు చూపించమన్నారు. అందులో మూడు మందులు కలిపి ఉన్నాయట: ఫంగస్‌కు ఒకటి, బాక్టీరియాకు ఒకటి, మూడోది గట్టి స్టెరాయిడ్. ఎరుపును చల్లార్చింది ఆ స్టెరాయిడే. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది గానీ చర్మానికి ఉన్న రక్షణను తగ్గించి ఫంగస్ లోలోపల పెరగడానికి అదే దారి ఇస్తుంది. పసిచర్మం పలచన, పైన డైపరు మూతలా ఉంటుంది, అందుకని స్టెరాయిడ్ ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది. వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది.

ఆవిడ రాసిచ్చింది ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ ఒక్క శాతం క్రీము. రోజుకు మూడుసార్లు పలచగా రాసి, దాని మీద జింక్ ఆక్సైడ్ పూత మందంగా వేయమన్నారు. విరేచనం అయిన వెంటనే, కాకపోయినా రెండు మూడు గంటలకోసారి డైపరు మార్చి, వాసన వేసిన తడి తుడుపుల (వైప్స్) జోలికి పోకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దమన్నారు. వీలైనన్నిసార్లు అరగంటేసి డైపరు లేకుండా వదిలేయమన్నారు. పౌడరు పూర్తిగా మాన్పించారు, ఆ పొడి పీలిస్తే పాప ఊపిరితిత్తులకు మంచిది కాదని. నోటికి వేరే చుక్కలు ఇచ్చారు. అమ్మాయి పాలిస్తోంది కాబట్టి తనకూ రొమ్ముకు రాసుకోవడానికి మందు ఇచ్చారు, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందట. మూడో రోజుకు పొక్కులు మాడాయి. పైకి పోయిందని మందు ఆపొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పది రోజులూ రాశాం. గోచీ గుడ్డలు ఇప్పుడు ఆరకపోతే ఇస్త్రీ పెట్టె తడి లేకుండా పోయేదాకా తిప్పుతున్నాను.

ఒరుపు మూడు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, చీముపొక్కులు లేచినా, చర్మం చిట్లి రక్తం కారినా, బిడ్డ పాలు తాగకపోయినా ఇంట్లో కూర్చోకూడదు. నెలల పసిగుడ్డు అయితే అన్ని రోజులు కూడా ఆగొద్దు.

మందుల షాపుల సంగతి. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ షెడ్యూల్‌లో ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మా సెంటర్లో మాత్రం బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చినంత తేలికగా ఇచ్చారు. ఆ అబ్బాయికి చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనను. రాయగానే తగ్గించే ట్యూబు కావాలని మేమూ ఎగబడతాం. కానీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఇలాంటి మూడు మందుల ట్యూబుల అమ్మకం మీద కన్నేయాలి, పసిపిల్లలకని అడిగితే షాపువాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లమని పంపించాలి.

మీకూ ఒక విన్నపం. మీ పిల్లల పేజీలో మామూలు ఒరుపు, ఈస్ట్ ఒరుపు బొమ్మలు రెండూ పక్కపక్కన వేయండి. ఫోన్‌లో వెతికితే మా అమ్మాయికి తెల్లతోలు పిల్లల బొమ్మలే ఎక్కువగా దొరికాయి, వాళ్లకు ఎర్రగా కనిపించేది చామనఛాయ పిల్లలకు ఒక్కోసారి ముదురు గోధుమరంగులోనో నల్లబడినట్టో కనిపిస్తుంది. దయచేసి మన పిల్లల ఒంటి రంగు ఉన్న బొమ్మలు వేయండి.

— ఒక అమ్మమ్మ, తణుకు