గుట్ట చేను కసువు సంగతి

పలమనేరు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నా, ఏమీ అనుకోవద్దురా. అమ్మ బాగుంది. పాప మూడో క్లాసు. అదంతా తర్వాత. ముందు మా గుట్ట చేను కసువు గురించి చెప్పాలి.

పోయిన వానల్లో ఆవుల మేతకని సూపర్ నేపియర్ గడ్డి నాటాం గదా. ఒకే రకం కణుపులు, ఒకే వాన. కింద వంక పక్కన మనిషెత్తు లేచింది, పైన మోకాలు దాటలేదు. కణుపులే మంచివి కావని ఊరంతా ఒకటే మాట. మా మామ మాత్రం గడ్డపార తీసుకుని పైన ఒక గుంత, కింద ఒక గుంత తవ్వాడు. పైన జానెడు మన్ను, ఆ కింద అంతా బండే! కింద నడుం లోతు వరకూ మెత్తటి మన్ను. తాతల నాటి నుంచి ఏటేటా వానకు దిగిపోయిన మా పైమన్నే అది. జానెడు మన్నులో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి చెప్పు? నాన్న ఆ మన్ను చేతిలోకి తీసుకుని అలా చూస్తూనే ఉన్నాడు. నాకు కడుపు తరుక్కుపోయిందిరా.

యూరియా చల్లితే చాలని చెప్పినాయన మీద ఇప్పటికీ కోపమే. వాలులో చల్లింది పెద్ద వానొస్తే వంకలోకి కాక ఎక్కడికి పోతుంది?

ఇంకోటి చూశా. గుట్టకు ఉత్తరం వైపు ఊరికే మొలిచిన కసువు సంక్రాంతి దాకా పచ్చగా ఉంది. దక్షిణం వైపు కార్తీకం పోగానే ఎండిపోయింది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వంగుతాడు గదా, ఎండంతా అటే. ఇన్నేళ్లు ఆవుల వెంట తిరిగాం, ఎవరైనా గమనించామా!

చలి సంగతీ ఉంది. మీ తిరుపతి కంటే మేం అర కిలోమీటరు ఎత్తున ఉన్నాం. కిలోమీటరు ఎత్తుకు వేడి 6 డిగ్రీలకు పైనే తగ్గుతుంది. రాత్రిళ్లు 15 డిగ్రీల కిందికి దిగితే నేపియర్ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అందుకే 45 రోజులకు రావాల్సిన కోత చలికాలంలో రాలేదు. అలాగని మరీ ఆగితే కాడ ముదిరిపోయి, ఆవులు ఆకు తిని కాడ వదిలేస్తున్నాయి.

ఇప్పుడు పైన నేపియర్ వద్దనుకున్నాం. వాలుకు అడ్డంగా రాతికట్టలు వేసి స్టైలో అనే మేత మొక్క విత్తనం చల్లుతాం. అది పప్పుజాతి, నత్రజని తనే తెచ్చుకుంటుంది, పలచ మన్నులోనూ బతుకుతుంది. నాన్న ఒప్పుకున్నాడు గానీ మేకల్ని ఆపడం ఎలాగో... అరె, పాల వ్యాన్ హారన్ కొడుతోంది, క్యాన్లు ఇంకా లోపలే ఉన్నాయి. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
రమణ